మీటరు మూతికి కట్టిన తడిగుడ్డ

సోమవారం. అంకె 41.

గాలిపెద్ద రాసే దినచర్య పుస్తకంలో అన్నిటికంటే ముందు అంకె ఉండాలట. రాశాను. అరవై దాటితేనే ప్రమాదం కాబట్టి, మా కుమ్మరికుంట వీధి ఊరి మొత్తంలో మంచి గాలి ఉన్న వీధుల్లో ఒకటి. ఈ మాట నాది కాదు, గాలి ఆఫీసుది.

నా పేరు భూలక్ష్మి. సిటీ బస్సులో కండక్టరుగా చేసేదాన్ని. బస్సులు వాటంతట అవే టిక్కెట్లు అడగడం నేర్చుకున్నాక ఇంటికొచ్చి కూర్చున్నాను. నా గొంతు వీధి చివరి దాకా వినిపిస్తుందని ఈ ఏడు నన్ను గాలిపెద్దను చేశారు. పెద్ద పనేమీ లేదు. పొద్దున్నే వీధి మధ్యలో ఉన్న స్తంభం దగ్గరికి వెళ్ళి, దాని మీది మీటరు చూసి, అంకె గట్టిగా అరిచి చెప్పాలి. తర్వాత ఈ పుస్తకంలో రాయాలి. దీన్ని ఎవరూ చదవరని ముందే చెప్పారు. అదే మంచిదైంది, మనసులో ఉన్నదంతా రాసుకోవచ్చు.

ఈ రోజు పండగే. నెల పొడుగునా మా అంకె అరవై లోపే ఉందని ఆఫీసు వాళ్ళు వచ్చి మా కిటికీల సీళ్ళు విప్పి పోయారు. పెద్ద దుమ్ము లేచిన ఏడాది వేసిన సీళ్ళవి. వీధిలో చాలామంది పిల్లలు గాలికి తెర కదలడం ఇవాళే మొదటిసారి చూశారు. ఎదురింటి ఓదెలు కిటికీకి అడ్డంగా ఒక చెక్క పెట్టి, మధ్యాహ్నానికల్లా మిర్చి బజ్జీలు అమ్మడం మొదలుపెట్టాడు. వాడికి కాస్త సందు దొరికితే చాలు, అంగడి పెట్టేస్తాడు.

అందరికంటే ఎక్కువ సంబరం మా ఆయన రాజేశానిది. పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించేవాడు. ఇళ్ళు మూసేశాక, ఆ సన్నాయి గోడల మధ్య మోగితే చెవులు చిల్లులు పడతాయని పెట్టెలో పెట్టేశాడు. ఇవాళ దాన్ని తీసి, నూనె రాసి, కిటికీ దగ్గర నిలబడి ఊదాడు. పల్లవి మొత్తం ఒక్క ఊపిరిలో లాగాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ముపిండి పేరుకుందని డాక్టరు చెప్పిన మనిషి, జేబులో ఊపిరి పంపు లేకుండా గడప దాటని మనిషి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాయించినంతసేపు మూతిగుడ్డ దించి, అవగానే మళ్ళీ కట్టుకోమన్నాను. కట్టుకున్నాడు.

గుడ్డ సంగతి బయటి ఊరి వాళ్ళెవరైనా చదివితే తెలియాలని రాస్తున్నాను. మా ఊళ్ళో నోరున్నదేదీ తడిగుడ్డ లేకుండా ఉండదు. పసిపిల్లలకు, పెళ్ళికొడుకుకు, వీధి కుక్కలకు, గుళ్ళో పోచమ్మకు కూడా కడతాం. ఎవరైనా మూతిగుడ్డ లేకుండా ఎదురైతే పలకరింపు కంటే ముందు కొంగు చింపి ఇస్తాం. మూలింటి ఐలవ్వ అయితే మీటరును కూడా వదల్లేదు. రోజూ దాన్ని తుడిచి, మూతికి ఉతికిన గుడ్డ కడుతుంది. ఇవాళ ఆకుపచ్చ అంచుది కట్టింది. బాగుందని చెప్పాను.

గురువారం. అంకె 43.

మర వచ్చింది.

పాత బంగ్లాలను పిండి చేసి, ఆ పిండితోనే కొత్త ఇళ్ళు అచ్చుపోసే కాలం ఇది. పిండి చేసే మరలు ఊళ్ళో చాలా ఉన్నాయి, ఒక్కోటి రెండంతస్తుల ఇంటంత ఉంటుంది. నడిపే మనిషి ఉండడు. ముందు వైపు పెద్ద నోరు, చక్రాలు, వెనక తొట్టి. గోడలకు గోడలు మింగుతుంది. మింగేటప్పుడే సగం పిండి నోట్లోంచి తిరిగి పైకి లేస్తుంది. అది ఎక్కడ నిలబడాలో ఆఫీసులోని పంపకం యంత్రం చెబుతుంది. ఏ వీధి అంకె తక్కువ ఉంటే ఆ వీధి ఇంకొంచెం దుమ్ము తట్టుకోగలదని దాని లెక్క. మా వీధి చివర ఎనిమిదంతస్తుల పాత బంగ్లా ఒకటుంది. మా అంకె చూసి మరను అక్కడికి తోలారు.

కిటికీ తెరిచిన వారంలోనే మరను పంపారంటే ఎవరికైనా కోపం వస్తుంది. నాకూ వచ్చింది. కానీ ఓదెలు నవ్వేశాడు. అంకె పెరిగితే మరే పోతుందిలే అక్కా అన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

ఆదివారం. అంకె 42.

అంకె పెరగలేదు.

కిటికీ గడపల మీద పిండి వేలెడు మందాన పేరుకుంది. అన్నం కంచంలో వేసుకుని రెండు ముద్దలు తినేలోగా పళ్ళ కింద కరకరలాడుతోంది. ఆరేసిన చీర దులిపితే ఇంట్లో పొగ లేచినట్టు లేచింది. అయినా మీటరు నలభై రెండు అంటోంది. అంకె అరిచి చెప్పినప్పుడు జనం పిండి పట్టిన మొహాలతోనే తలలూపి కిటికీలు బార్లా తెరుస్తున్నారు. అందరికీ కిటికీ పిచ్చి పట్టింది. మా ఇంట్లో ఇంకా ఎక్కువ.

రాజేశం సాయంత్రం వాయించాడు. పల్లవి సగంలోనే ఊపిరి తెగింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ తెగింది. కిటికీ మూద్దామన్నాను.

“నలభై రెండు అని నువ్వే అరుస్తివి గదనే,” అన్నాడు. “గాలి మంచిగనే ఉన్నది. ముసలితనం నాది.”

బస్సులో ఇన్నేళ్ళు పనిచేసినదాన్ని. అబద్ధం మొహం చూస్తే తెలిసిపోతుంది. మా ఆయన ఊపిరి అబద్ధం చెప్పదు. మరి మీటరుకు అబద్ధం చెప్పే అవసరం ఏమొచ్చిందో అర్థం కాలేదు.

బుధవారం. అంకె 40.

గాలి ఆఫీసుకు ఫోన్ చేశాను. సుచరిత అనే గుమాస్తా ఎత్తింది. వయసు తక్కువ, ఓపిక ఎక్కువ. మా మీటరు చెడిపోయిందేమో చూడమన్నాను. అంకె ఎంత ఉందని అడిగింది. చెప్పాను. చాలా బాగుందమ్మా అని మెచ్చుకుంది. అదే కదా నా గోడు అన్నాను.

“అంకె తక్కువున్నదని కంప్లయింట్ తీసుకునే వీలు లేదమ్మా. ఎక్కువున్నదంటేనే తీసుకుంటం.”

మర పక్కనే ఉన్నా అంకె తగ్గడం ఎక్కడైనా ఉంటుందా తల్లీ అని అడిగాను. ఊరంతా అట్లాగే ఉందంది. పంపకం యంత్రం ఈ మధ్య మంచి ఫలితాలు సాధిస్తోందని పైవాళ్ళు సంతోషిస్తున్నారట. వాళ్ళ సంతోషం చల్లగుండ.

శుక్రవారం. అంకె 41.

పొద్దున అంకె చెప్పి ఇంటికి వచ్చేసరికి రాజేశం కిటికీ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. పంపు చేతిలోనే ఉంది, నొక్కే బలం లేదు. నేను నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఎంతకీ ఊపిరి లోపలికి పోలేదు. భయపడ్డాను. బస్సు బ్రేకులు ఫెయిలైనప్పుడు కూడా అంత భయపడలేదు. చివరికి ఒక పెద్ద దగ్గుతో తెరుచుకుంది.

డాక్టరు వచ్చి చూశాడు. ఇంకోసారి ఇలా వస్తే పంపు పనిచేయదని నన్ను బయటికి పిలిచి చెప్పాడు. ఆయన మూతిగుడ్డ అంతా తెల్లగా పిండి పట్టి ఉంది. మా వీధి గాలి మంచిదని విన్నానే అని ఆశ్చర్యపోయాడు.

కిటికీ మూశాను.  రాజేశం కాసేపటికి లేచి, సన్నాయిని గుడ్డలో చుట్టి, మళ్ళీ విప్పి, ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. మంచి గాలి ఉన్న వీధిలో తానొక్కడే కిటికీ మూసుకోవాల్సి వచ్చిందని ఆయన బాధ. తన ఊపిరే చెడ్డదని నమ్మేశాడు.  ఆ మీటరు సంగతేదో తేల్చే దాకా అన్నం ముట్టేది లేదని గట్టిగా అనుకున్నాను. మధ్యాహ్నం ఆకలేసి తిన్నాననుకోండి, పంతం మాత్రం వదల్లేదు.

శనివారం. అంకె 41.

తేలింది.

ఓదెలు ఇంటి ముందు ఎండ పడుతోందని పొయ్యిని స్తంభం నీడలోకి జరిపాడు. మీటరు సరిగ్గా మూకుడు పైన ఉంది. మిరపకాయ ఒకటి నూనెలో పగిలి, ఘాటు పొగ గుప్పుమని లేచింది. వీధి మొత్తం దగ్గింది. నేను దగ్గాను, ఓదెలు దగ్గాడు, బజ్జీల కోసం నిలబడ్డవాళ్ళంతా దగ్గారు. దగ్గుతూనే తలెత్తి చూశాను. నలభై ఒకటి. ఇంకో గుప్పెడు మిరపకాయలు వెయ్యమన్నాను. మూకుడు మాడిపోతుంది అక్కా అన్నాడు. డబ్బులు నేనిస్తాను, వెయ్యరా అన్నాను. వేశాడు. కళ్ళు తెరవలేని పొగ వచ్చింది. మీటరు మాత్రం కదల్లేదు.

అప్పుడే ఐలవ్వ చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. ముక్కాలి పీట ఎక్కి మీటరు గుడ్డ విప్పి, చెంబులో ముంచి పిండింది. మోరీలోకి నల్లటి నీళ్ళు జారాయి. ఆ నీళ్ళ వంక చూస్తూ నిలబడిపోయాను. ఆమె ఉతికిన గుడ్డ దులిపి మళ్ళీ కట్టబోయింది.

ఆగమన్నాను. రెండు నిమిషాలు గుడ్డ లేకుండా ఉండనివ్వు పెద్దమ్మా అన్నాను. ఐలవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పసిబిడ్డను గుడ్డ లేకుండా వీధిలో నిలబెట్టమన్నట్టు బాధపడింది. అయినా ఆగింది. అంకె తొంభై అయింది. నూట ముప్ఫై అయింది. ఓదెలు పొయ్యి ఆర్పేశాడు, పొగ పోయింది. అయినా అంకె ఎక్కుతూనే పోయి నూట డెబ్భై దాటింది.

రోజూ ఆ గుడ్డను చూశాను. దాని అంచు బాగుందని కూడా చెప్పాను. వీధిలో అందరూ చూశారు. నోరున్నదానికి గుడ్డ ఉండటం మాకు ఎంత మామూలంటే, అది ఎవరికీ గుడ్డలా కనిపించనే లేదు. మీటరు ఇన్నాళ్ళూ మా గాలి కాదు, ఐలవ్వ వడగట్టి ఇచ్చిన గాలి పీలుస్తోంది. మేమేమో మర గాలి పీలుస్తున్నాం.

ఐలవ్వ పీట మీదే కూర్చుండిపోయింది.

“దానికి నోరున్నదని కట్టిన బిడ్డా,” అంది. “పొద్దంత దుమ్ము మింగుకుంట నిలవడ్తది. పాపమనిపిచ్చింది.”

నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె మీద కోపం రాలేదు. ఎవరి మీద రావాలో కూడా తెలియలేదు. ఆ తడిగుడ్డను ఆమె మళ్ళీ కట్టకుండా నా చేతిలో పెట్టుకున్నాను.

ఆదివారం. అంకె 41, గుడ్డతో.

వీధి తేల్చేదాకా అని గుడ్డ మళ్ళీ కట్టించి, స్తంభం దగ్గర వీధిని పిలిచాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. గుడ్డ తీసేస్తే రేపటి నుంచి నిజం అంకె ఆఫీసుకు పోతుంది, కిటికీలకు సీళ్ళు పడతాయి, మర వెళ్ళిపోతుంది. గుడ్డ ఉంచితే కిటికీలూ ఉంటాయి, మరా ఉంటుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఎవరి ఇష్టం వాళ్ళు చెప్పండి అన్నాను. నా ఇష్టం ఏమిటో నా మొహం మీదే ఉంది కాబట్టి వేరే చెప్పలేదు.

 అందరూ ఒకేసారి మాట్లాడారు. కిటికీ ఉంటే చాలు, పిండి దులుపుకుంటామని కొందరు. ఇన్నేళ్ళకు పిల్లలు గాలి చూశారని కొందరు. గట్టిగా అడ్డుపడింది ఓదెలే. అడ్డుపడటంలో న్యాయం ఉంది కూడా.

“నా గిరాకి సంగతి ఇడిసిపెట్టక్కా. మర ఈడికెళ్ళి పోతె ఏడికి పోతది? పక్క వాడకే గద. ఆళ్ళవి ఊపిరితిత్తులు గావా?”

  మన వీధి సంగతి ముందు తేల్చి, వాళ్ళ సంగతి వాళ్ళతో కలిసి తేల్చుకుందామన్నాను. అది సమాధానం కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు మా ఇంటి కిటికీ తెరుచుకుంది. రాజేశం. శుక్రవారం నుంచి మంచం దిగని మనిషి అక్కడ నిలబడి అంతా విన్నాడు. 

“అయితే ఊపిరి నాది మంచిదే అన్నట్టు,” అన్నాడు.

తన ఊపిరి చెడ్డది కాదని తెలియడమే ఆయనకు ముఖ్యం. సన్నాయిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత వీధి మొత్తం చూస్తుండగా, ఎవరూ సీలు వెయ్యకముందే, ఎవరూ అడగకముందే, తన చేత్తో తన కిటికీ మూసుకున్నాడు. అందరికంటే ఆ కిటికీ ఎవరికి ఎక్కువ ఇష్టమో వీధికి తెలుసు. నేను ఏడ్చాను, కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఓదెలు తల వంచుకుని బజ్జీల చెక్క లోపలికి తీసుకుపోయాడు.

గుడ్డ విప్పింది ఐలవ్వే. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

మంగళవారం. అంకె 183.

అరిచి చెప్పాను.  సీళ్ళు పడ్డాయి. సుచరిత ఫోన్ చేసి, చెత్త కాలుస్తున్నారా అని అడిగింది. లేదమ్మా, గుడ్డ విప్పాం అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. రేపు వచ్చి నీ కళ్ళతో చూడు అన్నాను.

సాయంత్రం మర కదిలింది. ఓదెలు చెప్పినట్టే పక్కనున్న గాజులపల్లె వీధికి వెళ్ళింది. నేను ఐలవ్వను తీసుకుని దాని వెనకే వెళ్ళాను. వాళ్ళ స్తంభం చూసి ఇద్దరం నిలబడిపోయాం. మీటరు మూతికి అద్దాలు కుట్టిన ఎర్ర గుడ్డ ఉంది. ఆ తర్వాతి వీధిలో పసుపు రాసిన గుడ్డ. ఆ తర్వాతి వీధిలో ఎవరో పాత లాల్చీ జేబు కోసి కట్టారు. ఊరంతా మంచి ఫలితాలు వస్తున్నాయని సుచరిత చెప్పింది ఇదన్నమాట. దయగల ముసలమ్మ ఎక్కడుంటే మర అక్కడికి పోతోంది.

ఓదెలు అడిగిన దానికి జవాబు దొరికింది. ఒక్క వీధిలో విప్పితే మర పక్క వీధికి పోతుంది. అన్ని వీధుల్లోనూ విప్పితే పోవడానికి చోటుండదు. ఇంటికి వచ్చి ఆ మాట వాడికే ముందు చెప్పాను. వాడు మూకుడు కడుగుతున్నాడు. కడగడం ఆపి, రేపు నేనూ వస్తా అక్కా అన్నాడు.

ఆదివారం. అంకె 176.

ఈ వారమంతా తిరుగుడే. కాళ్ళు పీకుతున్నాయి. మాట్లాడేది నేను కాదు. నేను మాట్లాడితే టిక్కెట్టు అడిగినట్టుంటుందట. ప్రతి వీధిలోనూ గుడ్డ కట్టేది ఐలవ్వ లాంటి ఒక అవ్వే. వాళ్ళతో ఐలవ్వే మాట్లాడింది. ఒకచోట ఒకావిడ మీటరుకు అడ్డం నిలబడి, మీకు కనికరం లేదా అని తిట్టింది. ఐలవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

“నేను గూడ గట్లనే అనుకున్న చెల్లె. అది మింగితెనే మనం ఏం మింగుతున్నమో తెలుస్తది. దాని పని అదే. చెయ్యనియ్యి.”

ఆ అవ్వ ఏడుస్తూనే విప్పింది.

బుధవారం సుచరిత వచ్చింది. గాజులపల్లె వీధిలో గుడ్డ విప్పక ముందు ఒకసారి, విప్పాక ఒకసారి అంకె చూసి, అక్కడే మెట్టు మీద కూర్చుంది. వాళ్ళ వీధి మీటరుకు గుడ్డ కట్టేది వాళ్ళమ్మేనట. ఆ మర్నాటి నుంచి మాతో తిరిగింది.

నిన్నటికి ఊళ్ళో అరవై లోపు అంకె చూపే వీధే లేకుండా పోయింది. పంపకం యంత్రం మరలన్నింటినీ ఊరి బయట మైదానంలో వరసగా నిలబెట్టేసింది. ఎక్కడికి తోలాలో దానికి తెలియడం లేదు. ఇళ్ళు అచ్చుపోసే పని ఆగింది. ఇళ్ళు లేనివాళ్ళు మమ్మల్ని తిడుతున్నారు. వాళ్ళ తిట్టులోనూ న్యాయం ఉంది. కిటికీలు మూసుకుని మరలూ మూసుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాం?

ఏదైనా దారి ఉందేమో చూద్దామనే ఇవాళ మైదానానికి వెళ్ళాం. ఐలవ్వ మరను దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. దాని ముందు నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పైకీ కిందికీ చూసింది.

“ఇంత పెద్ద నోరున్నది. కుక్కకు కట్టినం, పోచమ్మకు కట్టినం. దీనికి కట్టాల్నని ఎవలకూ తోచకపాయె.”

నేను నవ్వాను. సుచరిత నవ్వలేదు. ఫోన్ తీసి ఆఫీసులో ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. ఈలోగా ఐలవ్వ మర నోటిని జానలతో కొలవడం మొదలుపెట్టింది. అందనంత ఎత్తుకు ఓదెలును ఎక్కించింది.

శుక్రవారం. అంకె 96.

గోనెసంచులు, పాత జంపఖానాలు, ఇంటింటా చినిగిన చీరలు. ఏడు వీధుల అవ్వలు మైదానంలో కూర్చుని కుట్టారు. ఎవరి కుట్టు వంకరగా ఉందో దాని మీద తగాదాలు కూడా అయ్యాయి. సుచరిత ఆఫీసును ఒప్పించాక, ఒక మర నోటికి తెర వేలాడదీసి, పైన నీళ్ళ గొట్టం పెట్టారు. తెర మీద ఎప్పుడూ నీళ్ళు కారుతూనే ఉంటాయి. మొదటి రోజు తెరను మరే మింగేసింది. రెండోది బరువు కట్టి వేశారు, నిలిచింది. నోటి ముందు గుడ్డ లేని మీటరు పెట్టి చూశాక, తెర లేని మర తిరగకూడదని ఆఫీసు ఉత్తర్వు ఇచ్చింది. తెర ఉతికే వంతు వారానికో వీధిది. ఈ వారం మాది. మోరీ నల్లగా పారింది.

తొంభై ఆరు అంటే ఇంకా ప్రమాదమే. సీళ్ళు అలాగే ఉన్నాయి. ఓదెలు బజ్జీలు తోపుడు బండి మీద, మూత వేసి అమ్ముతున్నాడు. మూత కింద బజ్జీలు మెత్తబడుతున్నాయని రోజూ సణుగుతాడు. ఐలవ్వ పొద్దున్నే వచ్చి మీటరు స్తంభం కడుగుతుంది. మూతి మాత్రం ముట్టదు. నిన్న ఎవరో తెలియక కొత్త గుడ్డ కడితే విప్పి తన కొంగున ముడేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి రాజేశం మూసిన కిటికీ ముందు కూర్చుని ఉన్నాడు.

“ఇయ్యాల ఎంతనే?” అన్నాడు.

తొంభై ఆరు అని చెప్పాను. నిజం అంకెనా అని అడిగాడు. నిజమే అన్నాను.

“అయితే ఇంకా తెరవద్దు.”

సన్నాయి తీసి, గోడలు మోగుతాయని దాని నోట్లో కాస్త దూది పెట్టి, కిటికీ అద్దం వైపు తిరిగి ఊదాడు. చిన్నగా వచ్చింది. నేను వంటగదిలో పని ఆపి విన్నాను. పల్లవి సగం దాటింది. తెగలేదు. చివరికి వచ్చే ముందు కొంచెం వణికి, మళ్ళీ నిలదొక్కుకుని, ఒక్క ఊపిరిలోనే ముగిసింది.

ఎదురింట్లో ఓదెలు తన మూసిన కిటికీ అద్దం మీద వేళ్ళతో దరువు వేశాడు. రాజేశం దరువు ఆగేదాకా విని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.